దయ్యం వేసిన తలుపు

1975 ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, ఆదివారం. ఆ రోజు లీలమ్మ ఇంట్లో జొన్నరొట్టె, అనపగింజల కూర. చర్చి నుంచి వచ్చి ఆదరాబాదరాగా పొయ్యి వెలిగించడంతో కూరలో కారం ఒకింత ఎక్కువే పడింది. సినిమా వార్త సాయమ్మ వదినె రెండో రొట్టె తుంచుతూ చెప్పింది కనుక, ఆ తేదీ, ఆ కారం రెండూ లీలమ్మకు చాలా కాలం గుర్తుండిపోయాయి.

"నీ సైన్మ వచ్చింది లీలా."

పెనం మీది రొట్టెకు నీళ్ళు అద్దుతున్న లీలమ్మ చెయ్యి ఆగింది. "ఏ సైన్మ?" అంది, తెలియనట్టు.

"ఏ సైన్మంటవేందే! రుద్రారం దొర గడీల నువ్వు దయ్యమైన సైన్మ. సంత కాడి టెంటుకు తెచ్చిన్రు. గోడకు నీ మొఖం అంటిచ్చిన్రు, గింత పెద్దగ." సాయమ్మ రొట్టెముక్క పట్టుకున్న చేతిని బారజాపి చూపించింది. "నాలుక గిట్ల బయట పెట్టినవ్."

"నాలుక నాది గాదు వదినె. ఎర్ర రిబ్బను."

"రిబ్బనో గిబ్బనో, చూసెటోళ్ళకు నాలుకనే."

లీలమ్మ రొట్టె తిరగేసింది. మొహం పొయ్యివైపే ఉంచుకుంది గాని, పెదవుల చివర సన్నటి నవ్వు దాగలేదు. పటాన్‌చెరు మిషన్‌వాడలో ఆమెంత పొడుగు ఆడమనిషి లేదు. ఆ పొడుగు చూసే పోయిన వానాకాలం మద్రాసు నుంచి వచ్చిన డైరెక్టరు వీర్రాజు ఆమెను ఎంచుకున్నాడు. మొదటి భాగంలో దయ్యంగా వేసిన నటి పెళ్ళి చేసుకుని ఇక దయ్యాలు వెయ్యనందట. ఆ మొదటి భాగం 'నల్లబావి నీడ' ఇదే టెంటులో ఆడినప్పుడు పటాన్‌చెరు పటాన్‌చెరే వణికింది. పొద్దుగూకితే మగవాళ్ళు సైతం చెంబు పట్టుకుని ఒక్కరే బయటికి వెళ్ళేవారు కాదు. "దాన్ని మించిపోవాలి లీలమ్మా, జనం గుండెలు ఆగిపోవాలి" అన్నాడు వీర్రాజు, ఆమెకు తెల్లచీర చేతిలో పెడుతూ.

"ఒక్క ముచ్చట చెప్పు," సాయమ్మ నీళ్ళు తాగి మూతి తుడుచుకుంది. "ఆ దయ్యాన్ని మొదటి దాంట్ల కాలవెట్టిన్రు గదా. బూడిదయ్యింది. మళ్ళ ఎట్లొచ్చిందే?"

"బూడిద గాలికి కొట్టుకపోయి ఇంకో బాయిల పడ్డదంట. డైరెక్టర్ సారు చెప్పిండు."

"ఓ యేసయ్యా," అని సాయమ్మ కారానికో, ఆ మాటకో దగ్గింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కాలనీల ఎరికేనా?" అని అడిగింది.

లీలమ్మ రొట్టెను పెనం మీంచి దించింది. కాలనీ అంటే ఫ్యాక్టరీ కాలనీ. అక్కడి బాలవాడిలో ఆమె ఆయా.

*

బాలవాడి అంటే ఒకే ఒక పొడుగాటి గది, ముందు చిన్న వరండా. సోమవారం పొద్దున లీలమ్మ ఎప్పటిలాగే నేల కడిగింది. దూలానికి ఉన్న కొండీలకు చీరల ఉయ్యాలలు కట్టి, ఒక్కొక్కదాన్నీ తన బరువంతా వేసి గుంజి చూసింది. పాలు కాచింది. పిల్లలు వచ్చారు, రోజూ వచ్చేవాళ్ళలో ఇద్దరు తప్ప. అన్నాలు పెట్టి, మూతులు కడిగి, నడవగలిగినవాళ్ళను చాపల మీద, లేనివాళ్ళను ఉయ్యాలల్లో పడుకోబెట్టింది.

ఇక మిగిలింది తలుపు. ఆ తలుపు బందులు అరిగిపోయి రెక్క కిందికి దిగింది. మామూలుగా నెడితే గచ్చు మీద రాసుకుని కీచుమని అరుస్తుంది. ఆ అరుపుకి ఒక పిల్ల లేస్తే మిగతావాళ్ళంతా లేస్తారు. అందుకని లీలమ్మ కాలి బొటనవేలు రెక్క కింద దూర్చి కొద్దిగా ఎత్తి, చేత్తో గొళ్ళెం పట్టుకుని, తన ఊపిరి కూడా బిగబట్టుకుని మెల్లగా దగ్గరికి లాగుతుంది. ఆరేళ్ళుగా అంతే. వేలు దానంతటదే వెళుతుంది.

వరండాలోకి వచ్చి చూస్తే కమలాకుమారి నిలబడి ఉంది. ఆమె కాలనీ మహిళామండలి కార్యదర్శి, ఫోర్‌మన్ బాపిరాజు గారి భార్య. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. ఆమె పిల్లలిద్దరూ లీలమ్మ కట్టిన ఉయ్యాలల్లో నిద్రపోయి పెరిగినవాళ్ళే. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. విప్పితే సినిమా కరపత్రం. విరబోసుకున్న జుట్టు, మిటకరించిన కనుగుడ్లు, రిబ్బను నాలుక.

"ఇది నువ్వేనా లీలమ్మా?"

"నేనే అమ్మగారూ."

"ఎంత పని చేశావే! ఒక్క మాట చెప్పొద్దూ?" కమలాకుమారి వరండా గట్టు మీద కూర్చుంది. ఆమెకు కోపంగా లేదు, ఇబ్బందిగా ఉంది. "పొద్దుట్నించీ మా ఇంటి ముందు ఇదే గోల. పద్మావతి వాళ్ళ అబ్బాయి ఈ కాగితం చూసి జడుసుకున్నాడట. ఆవిడ ఇంక పిల్లాణ్ణి పంపనంటోంది. ఇంకొకావిడా అదే మాట. రేపు వీళ్ళందరూ సినిమా గురించి విన్నారనుకో, నువ్వు ఉయ్యాల మీదికి ఒంగుతావు, పసివాడు కళ్ళు తెరుస్తాడు..."

"నన్ను చూసి పిల్లలు జడుసుకుంటరా అమ్మా?"

కమలాకుమారి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "నాకు తెలుసే, నువ్వెలాంటిదానివో. కానీ తల్లుల మనసులు అలా ఉంటాయి. శనివారం కమిటీ కూర్చుంటుంది. క్లబ్బు వరండాలు ఊడవడానికి మనిషి కావాలంటున్నారు. నీకు పని లేకుండా చెయ్యం."

లీలమ్మ కుడిచేత్తో ఎడమచేతి గాజులు తిప్పుతూ నిలబడింది. క్లబ్బు వరండాలు పెద్దవి, చల్లనివి. అక్కడ ఎవరూ నిద్రపోరు.

అప్పుడే స్టోర్సులో గుమాస్తా సూర్యప్రకాశరావు గారు మధ్యాహ్నం విరామంలో కూతురు చిట్టిని చూసిపోవడానికి సైకిలు మీద వచ్చాడు. భార్య పోయిన దగ్గర నుంచి రోజూ అలా వచ్చి, కిటికీలోంచి ఒక్కసారి చూసి వెళ్ళిపోతాడు. వరండాలో మాటలు చెవిన పడ్డాయి. సైకిలు స్టాండు వేసి కరపత్రం అందుకుని చూశాడు.

"సినిమా ఎవరైనా చూశారా అండీ?"

"దయ్యాల సినిమాకి మేమెలా వెళ్తామండీ!"

"చూడకుండా శనివారం ఏం మాట్లాడతారు చెప్పండి? చూసొచ్చి, నిజంగా పిల్లలు భయపడేలా ఉంటే అప్పుడు అనుకోండి." మర్యాదగానే అన్నాడు. కరపత్రం మడిచి ఇచ్చేస్తూ, "మా ఊళ్ళో దొంగని పట్టుకున్నా ముందు మొహం చూసేవారండీ" అన్నాడు.

కమలాకుమారికి నవ్వొచ్చింది. కాసేపు ఆలోచించి, "సరే, శుక్రవారం మొదటి ఆటకి వెళ్దాం. ఆడవాళ్ళందరం కలిసే వెళ్తే ఎవరేమంటారు! లీలమ్మా, నువ్వూ రావాలి" అంది.

*

"నీ బతుకు మంచిగున్నదే," అంది సాయమ్మ ఆ సాయంత్రం సంగతంతా విని. ఇద్దరూ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. "జనం జడుసుకుంటే నీ నౌకరి పోతది. జడుసుకోకుంటే నీ ఇజ్జత్ పోతది."

"గట్లనే ఉన్నది వదినె."

"నీకేం గావాలె? నిజం చెప్పు."

లీలమ్మ గింజను గిన్నెలో వేసింది. ఏం కావాలో ఆమెకు తెలుసు. ఉయ్యాలల గది కావాలి. ఆ గదిలో మధ్యాహ్నం పూట ఒకేసారి వినబడే అన్ని ఊపిరులూ కావాలి. కానీ ఇంకొకటి కూడా కావాలి, అది నోటితో చెప్పుకునేది కాదు. పుట్టిన దగ్గర నుంచి ఆమెను చూసి ఎవరూ బెదిరినవాళ్ళు లేరు. కొట్టు దగ్గర సేటు ఆమె వంతు దాటించి వెనకవాళ్ళకు తూస్తాడు. బస్సులో కండక్టరు "ఏయ్ పొడుగమ్మా, జరుగు" అంటాడు. ఆ తెల్లచీరలో, ఆ పొగలో నిలబడ్డప్పుడు మొదటిసారి ఆమెకు తన పొడుగు తనకే నచ్చింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, టెంటు నిండా ఉన్న జనం ఆమెను చూసి అమ్మో అనాలి.

"దేవుని చిత్తం," అంది పైకి.

"దేవుడు దయ్యం సైన్మలు చూస్తడా?" అంది సాయమ్మ.

బుధవారం నాడు టెంటు రిక్షా కాలనీ గేటు దాకా వచ్చి మైకులో అరిచి వెళ్ళింది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు రావద్దని హెచ్చరిక. అది విని పద్మావతి ఇంట్లోంచి బయటికి వచ్చి, బాలవాడి వైపు చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. లీలమ్మ ఆ రోజంతా ఉయ్యాలల మీదికి వంగినప్పుడు జుట్టు బిగించి ముడేసుకుంది, పక్క నుంచి వంగింది, నవ్వుతూ వంగింది. పిల్లలు ఆమె ముక్కు పట్టుకుని గుంజారు. వాళ్ళకేమీ పట్టలేదు.

*

శుక్రవారం పొద్దుగూకే వేళకు టెంటు నిండింది. హైదరాబాదులో వారమైనా ఆడకపోవడంతో సినిమా డబ్బా ఇంత తొందరగా ఇక్కడికి చేరిందని గేటు దగ్గర టిక్కెట్లు చించే పెద్దరాములు ఎవరికో చెబుతున్నాడు. లీలమ్మను చూసి నోరు తెరిచి, ఆమె వెనక కాలనీ ఆడవాళ్ళను చూసి మూసుకున్నాడు.

లీలమ్మ సాయమ్మతో నేల తరగతిలో కూర్చోబోయింది. "ఇలా రావే, నా పక్కన కూర్చో. కథ చెబుదువుగాని" అని కమలాకుమారి ఆమెను బెంచీ మీదికి పిలిచింది. పద్మావతి కొంగు తల మీదుగా కప్పుకుని ఆవలి పక్కన ముడుచుకుని కూర్చుంది.

'నల్లబావి నీడ, రెండో భాగం' అని అక్షరాలు పడ్డాయి. నక్క ఊళ. జనం సద్దుమణిగారు.

మొదటి భాగంలో చచ్చిపోయిన జమీందారు రెండో భాగంలో తన తమ్ముడుగా వచ్చాడు. అదే మనిషి, మీసం వేరు. ఆ మీసం ఒక మాటకు ముక్కు కింద ఉంది, ఇంకో మాటకు బుగ్గ మీదికి నడిచింది. నేల తరగతిలో ఎవరో "దొరా, మీసం బస్సెక్కుతున్నది" అన్నారు. అక్కడ మొదలైంది. జమీందారు భోంచేస్తుంటే గబ్బిలం ఎగురుతూ వచ్చింది. దాన్ని కట్టిన దారం తెగి పప్పులో పడింది. జమీందారు చూడనట్టే ఇంకో ముద్ద కలుపుకున్నాడు. బావిలోంచి లేచిన అస్థిపంజరం వికటంగా నవ్వబోతే దవడ ఊడి నేల మీద పడింది. పక్క నుంచి గడియారం కట్టుకున్న చెయ్యి ఒకటి వచ్చి, ఆ దవడను గబుక్కున తీసుకుపోయింది. జనం ఈలలు వేశారు. పద్మావతి కొంగు తల మీంచి జారింది.

దయ్యం దూరంగా బావి గట్టు మీద కనిపించి, "వస్తున్నాను... నా పగ తీర్చుకుంటాను..." అంది.

లీలమ్మ ఉలిక్కిపడింది. గొంతు తనది కాదు. ఎవరో మద్రాసులో చెప్పించిన గొంతు. తను గడీలో రెండు రోజులు గొంతు పోయేట్టు అరిచిన అరుపులన్నీ ఎటో పోయాయి.

"లీలమ్మకు ఆంధ్రోళ్ళ మాట ఎప్పుడొచ్చిందే!" అని సాయమ్మ గొంతు నేల తరగతిలోంచి వినిపించింది. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. కమలాకుమారి కూడా నవ్వింది. లీలమ్మ ఒళ్ళో చేతులు ముడుచుకుంది. ఇంకా ఉంది, అనుకుంది. అసలుది ఇంకా రాలేదు.

అసలుది వచ్చింది. గడీలో పడకగది. తల్లి నిద్రపోతోంది. పక్కన ఉయ్యాలలో పసివాడు. షూటింగుకని గడీ కావలిదారు భార్య దేవమ్మ కొడుకునే అందులో పడుకోబెట్టారు. తలుపు తెరుచుకుంది. గుమ్మం నిండా పొగ. ఆ పొగలో ముందు ఏమీ కనబడలేదు. ఆ తర్వాత తెల్లగా, దూలాన్ని తాకేట్టు, ఒక ఆకారం. జుట్టు మోకాళ్ళ దాకా. చీర అంచు కింద, వెనక్కి తిరిగి ఉన్న పాదాలు. అది తొందరపడలేదు. తొందర లేకపోవడమే భయంగా ఉంది. టెంటులో ఒక్క పిల్ల గొంతు కూడా లేదు. మిషను చప్పుడు ఒకటే.

లీలమ్మ కూడా ఊపిరి బిగబట్టింది. అది తనే. అంత పెద్ద తెర నిండా తనే.

దయ్యం ఉయ్యాల దగ్గరికి వచ్చింది. వంగింది. గోళ్ళు పెంచిన చేతులు పసివాడి గొంతు వైపు చాపింది.

వాడు కాళ్ళతో దుప్పటి తన్నేసి ఉన్నాడు. దయ్యం చేతులు ఒక్క క్షణం గాల్లో ఆగాయి. అప్పుడా చేతులు దుప్పటిని అందుకుని, వాడి పొట్ట మీదికి లాగి, రెండు వైపులా దోపాయి. ఒక చెయ్యి ఉయ్యాలను కొంచెం ఊపింది కూడా. తల్లి పక్క మీద దొర్లింది. కథ ప్రకారం ఆమె మెడలో తాయెత్తు చూసి దయ్యం వెనక్కి తగ్గాలి. తగ్గింది. గుమ్మం దాటింది. గోడకున్న తలుపు రెక్కను పట్టుకుంది. చీర కుచ్చిళ్ళ కింద నుంచి, వెనక్కి తిరిగిన రెండు కర్ర పాదాలూ వాటి చోట అవి ఉండగానే, ముందుకు తిరిగిన మూడో పాదం ఒకటి బయటికి వచ్చింది. బొటనవేలు రెక్క కింద దూరింది. కొద్దిగా ఎత్తింది. దయ్యం చప్పుడు కాకుండా, జాగ్రత్తగా, తలుపు దగ్గరికి వేసింది.

టెంటు పేలిపోయింది.

"తల్లీ, గొళ్ళెం గూడ పెట్టు!"

"మూడో కాలు చూడుర్రి, మూడో కాలు!"

"దయ్యమా, మా ఇంటికి గూడ రాయే, పోరడు పండుకుంటలేడు!"

జనం బెంచీల మీద కొట్టారు. ఎవరో టోపీ పైకి ఎగరేశారు. పద్మావతి పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయి, "మన బాలవాడి తలుపేనండీ, అచ్చం మన తలుపు" అంటూ ఆ మాట పూర్తిచేయలేక కళ్ళు తుడుచుకుంది. కమలాకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది.

ఆ తలుపు సీను తీసిన రోజు వీర్రాజు దగ్గర ఫిలిం అయిపోవచ్చింది. "బాగుంది, చాలా బాగుంది, ఇంకోసారి అక్కర్లేదు" అన్నాడు. లీలమ్మ ఆ మాటను ఆరునెలలుగా దాచుకుంది.

దీపాలు వెలగక ముందే ఆమె బెంచీల మధ్య నుంచి వంగి నడిచి బయటికి వచ్చేసింది. వంగినా పొడుగు దాగలేదు. నేల తరగతివాళ్ళు గుర్తుపట్టి చప్పట్లు కొట్టారు.

*

శనివారం పిల్లలందరూ వచ్చారు. మానేసిన ఇద్దరూ అందరికంటే ముందే వచ్చారు. పద్మావతి కొడుకు చంకలోంచి దిగుతూనే, రాత్రి తల్లి ఇంట్లో చేసి చూపించినట్టే, చాప మీది బొమ్మకు రుమాలు కప్పి, వెనక్కి వెనక్కి నడిచి, కాలు ముందుకు చాపి తలుపును తన్నాడు. చిట్టి చేతులు చాపి అలాగే చేసింది. వరండాలో తల్లులు నవ్వారు.

కమిటీ కూర్చుంది గాని, కాఫీ తాగినంతసేపే. "ఆ దయ్యానికి భయపడే పిల్లాడు ఎక్కడైనా ఉంటే వాడికే ఏదో ఉన్నట్టు" అని పద్మావతే అందట. క్లబ్బు వరండాలకు వేరే మనిషిని చూసుకోమని రాయించారు. వచ్చి చెప్పినావిడ లీలమ్మ భుజం తట్టి, "మూడు కాళ్ళ దయ్యమా, నీ పని నీదే" అంది.

"సంతోషం అమ్మా," అంది లీలమ్మ.

సంతోషమే. పాలు కాచింది. అన్నాలు పెట్టింది. మూతులు కడిగింది. ఉయ్యాలలు ఊపింది. అందరూ పడుకున్నాక గుమ్మం దగ్గరికి వచ్చింది. వరండా చివర ఇద్దరు తల్లులు కబుర్లాడుతూ ఆమె కాలి వైపే చూస్తున్నారు. చూసి, ముందే నవ్వు సిద్ధం చేసుకున్నారు.

లీలమ్మ వేలు రెక్క కిందికి వెళ్ళబోయి ఆగింది. కాలు వెనక్కి తీసుకుంది. గొళ్ళెం పట్టుకుని ఊరికే లాగింది.

తలుపు గచ్చు మీద కీచుమంటూ అరిచింది. ముందు చివరి ఉయ్యాల, తర్వాత చాపల మీద చిట్టి, ఆ తర్వాత గదంతా. ఆ మధ్యాహ్నం ఎవరూ మళ్ళీ నిద్రపోలేదు. లీలమ్మ ఇద్దరిని చెరో చంకలో వేసుకుని, కాలితో ఒక ఉయ్యాల ఊపుతూ, ఎవరి మొహమూ చూడకుండా తిరిగింది. తల్లులు చల్లగా జారుకున్నారు.

సాయంత్రం సూర్యప్రకాశరావు గారు చిట్టిని తీసుకుపోవడానికి వచ్చాడు. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కళ్ళు ఉబ్బాయి. ఆయన ఏమైందని అడగలేదు. సైకిలు ముందు కమ్మీ మీద తువ్వాలు మడిచి వేస్తూ, "మొన్న నేను అనవసరంగా సినిమాకి పంపించానేమో లీలమ్మా" అన్నాడు.

"మీదేమున్నది సారూ. నౌకరి నిలవడ్డది."

ఆయన తలూపి, పిల్లను ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

చివరి పిల్ల కూడా వెళ్ళాక లీలమ్మ ఉయ్యాలలు విప్పి మడతపెడుతోంది. గుమ్మంలో నీడ పడింది. కమలాకుమారి. ఒక్కతే వచ్చింది. లోపలికి వచ్చి, పిల్లల చాప మీదే కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. అలా కూర్చోవడం లీలమ్మ ఎప్పుడూ చూడలేదు.

"నిన్న అలా లేచిపోయావేమే?"

"నవ్వుతున్రు గదమ్మా."

"నవ్వరూ మరి!" అని, కమలాకుమారి తనే మళ్ళీ నవ్వబోయి మానుకుంది. ఎడమ మణికట్టు మీద బంగారు గాజు పైకీ కిందికీ జరిపింది. "నీ చెయ్యి చూపించు. కుడిది."

లీలమ్మ అర్థంకాక చాపింది. మోచేతికి కొంచెం కింద నాలుగు గోళ్ళ గుర్తులు, ఎర్రగా, అర్ధచంద్రాల్లా ఉన్నాయి. పొద్దున గిన్నెలు తోముతుంటే మండింది గాని, అవి ఎక్కడివో ఆమె ఆలోచించలేదు.

"నేనే," అంది కమలాకుమారి. "ఆ పొగలోంచి వచ్చావు చూడూ, అప్పుడు. నా ప్రాణం గుప్పిట్లోకి వచ్చింది. పక్కన ఏది దొరికితే అది గట్టిగా పట్టుకున్నాను. ఆంజనేయుణ్ణి తలుచుకున్నాను. దుప్పటి కప్పే దాకా వదల్లేదు. ఇంటికెళ్ళాక తట్టింది. ఆ దయ్యానికి భయపడి నేను పట్టుకున్నది ఆ దయ్యం చెయ్యే కదటే!"

లీలమ్మ తన చేతిని చూసుకుంది. నాలుగు గుర్తులు. ఒకటి కొంచెం లోతుగా దిగింది.

"నిజంగ జడుసుకున్నరా అమ్మా?"

"చచ్చేంత."

"నన్ను జూసి?"

"నిన్ను చూసే. ఇంకెవరిని చూసీ!" కమలాకుమారి లేచి, కొంగు దులుపుకుంది. "పద్మావతితో మాత్రం అనకు. జన్మంతా ఏడిపిస్తుంది." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. మొహం ఇటు తిప్పకుండానే, "సోమవారం అలా మాట్లాడకుండా ఉండాల్సింది" అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

లీలమ్మ కాసేపు ఆ గది మధ్యలో నిలబడి ఉంది. ఆ గుర్తుల మీద వేలితో ఒకసారి రాసుకుంది. మండింది. నవ్వొచ్చింది. మడతపెట్టిన ఉయ్యాలలను అలమరలో పెట్టింది. పాలగిన్నె బోర్లించింది. కిటికీ రెక్కలు వేసింది. చాపలు చుట్టి గోడకు ఆనించింది. లోపల ఇక ఎవరూ లేరు. తలుపు ఎంత అరిచినా లేచి ఏడ్చేవాళ్ళు లేరు. నవ్వేవాళ్ళూ లేరు.

గడప దాటి వెనక్కి తిరిగింది. బొటనవేలు రెక్క కింద దూర్చి, కొద్దిగా ఎత్తి, ఊపిరి బిగబట్టి, ఆ రాత్రికి తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.